చెడిన డిస్కును మార్చుట

మన రావులపాలెములో అరటి గెలలమ్మిన రైతు సొమ్ము నేడు పెక్కుమార్లు బ్యాంకు ఖాతాలో జమయగుచున్నది. పొలము కొన్నవాని దస్తావేజు నకలు రిజిస్ట్రేషను శాఖవారి యంత్రములలో నిలిచియుండును. పదియవ తరగతి పరీక్ష వ్రాసిన బాలికల మార్కులు మొదట యంత్రములోనికెక్కి, పిమ్మట కాగితముపైకి దిగుచున్నవి. పూర్వము గుమాస్తాలు దస్తావేజులను పెద్ద పెద్ద పుస్తకములలోనికి చేతివ్రాతతో ఎక్కించుచుండిరి. 1998వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఆ కార్యాలయములలో కంప్యూటర్లను ప్రవేశపెట్టిరి. పుస్తకమునకు చెదలు పట్టినచో కంటికి కనబడును. యంత్రములోని వ్రాతకు చెదలు పట్టునా? పట్టినచో తెలియుటెట్లు? తెలిసినచో చేయవలసినదేమి? ఈ ప్రశ్నలను విద్యార్థుల తల్లిదండ్రులు కొందరు మమ్మడిగియున్నారు. ఇవి అడుగదగిన ప్రశ్నలే గనుక, మాకు తెలిసినంతవరకు ఇచ్చట వివరింపబూనితిమి.

అనేక కంప్యూటర్లకు సమాచారమందించుచు, వాటి వ్రాతలను తనయొద్ద దాచియుంచు పెద్ద యంత్రమునకు సర్వరని పేరు. అది దాచు చోటు హార్డు డిస్కు. హార్డు డిస్కు అరచేతి వెడల్పున, చిన్న నిఘంటువంత మందమున నుండు లోహపు పెట్టె. దానిలో అద్దమువలె మెఱయు గుండ్రని పలకలు ఒకదానిపై నొకటి అమర్చబడియుండును. వాటిపై అయస్కాంతగుణముగల పలుచని పూత యుండును. ఆ పూతలోని సూక్ష్మభాగములను ఈ దిక్కునకో ఆ దిక్కునకో త్రిప్పుటయే వ్రాయుట; ఏ దిక్కునకు తిరిగియున్నవో కనుగొనుటయే చదువుట. సర్వర్లలోని పలకలు సాధారణముగా నిమిషమునకు 7,200 మార్లు, అనగా సెకనునకు 120 మార్లు తిరుగును. పలక చుట్టుకొలత సుమారు 30 సెంటీమీటర్లు. విద్యార్థులు లెక్కించి చూడుడు: అంచుననున్న బిందువు సెకనునకు 36 మీటర్లు, గంటకు సుమారు 130 కిలోమీటర్లు పోవుచున్నది. మన గౌతమి వంతెనపై బస్సులంత వేగముగా పోకుండుటయే మేలు.

చదువు సూది ఆ పలకను తాకదు. తల వెండ్రుక మందములో పదివేలవ వంతుకంటె తక్కువ ఎత్తున, పలకతోకూడ తిరుగు గాలిపై తేలుచుండును. అంత సన్నని ఎడములో ధూళికణమొకటి పడినను, పెట్టె క్రిందపడి సూది పలకకు తగిలినను గీత పడును. గీత పడినచోటి వ్రాత పోవును. ఒక్కొక్కప్పుడు పలకలు త్రిప్పు మోటారు అరిగిపోవును. మఱియొకప్పుడు పైనున్న విద్యుత్తు పలక కాలిపోవును. ఇట్టి వస్తువు చెడుటలో వింత లేదు. రాత్రింబగళ్లు తిరుగుచు ఐదారేండ్లు నిలుచుటయే వింత. వేలకొలది డిస్కులను నడుపువారు ప్రకటించిన లెక్కలనుబట్టి ఏడాదికి నూటికి ఒకటి రెండు చెడిపోవుచున్నవి. పది డిస్కులున్న ఇంట ఇది దైవికము. పదివేలున్నచోట ఇది నిత్యకృత్యము.

ఈ డిస్కును కనిపెట్టిన బృందమునకు నాయకుడు ఒక బడిపంతులని చెప్పుట మాకు ముచ్చట. రెనాల్డు జాన్సన్ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించెను. పెన్సిలుతో గుర్తుపెట్టిన పరీక్షాపత్రములను దిద్దు యంత్రమొకటి ఆయన కల్పింపగా, 1934లో ఐబిఎం కంపెనీవారు ఆయనను పనిలో చేర్చుకొనిరి. ఆయన బృందము నిర్మించిన మొదటి డిస్కు యంత్రము 1956లో వెలువడినది. అందు రెండడుగుల వ్యాసముగల పలకలు 50 ఉండెను. బీరువాలంత స్థలమాక్రమించిన ఆ యంత్రము దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో పట్టు డిస్కు 16 లక్షల కోట్ల అక్షరములు దాచుచున్నది. తిరుగు పలకలు లేని క్రొత్తరకపు నిలువలు మన ఫోనులలోను, వేగము కావలసిన సర్వర్లలోను వీటి స్థానమాక్రమించినవి గాని, తక్కువ వ్యయముతో ఎక్కువ దాచవలసినచోట నేటికిని పలకల డిస్కులే వాడుకలోనున్నవి.

చెడబోవు డిస్కు ముందుగా సూచన చూపునా? 2007లో గూగులు సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. డిస్కు తన పలకలను తానే తనిఖీ చేసికొనుచు మొదటి తప్పు కనుగొనిన పిమ్మట, అది 60 దినములలోపల చెడిపోవు అవకాశము ఇతర డిస్కులకంటె 39 రెట్లధికమని వారు తేల్చిరి. కాని ఏ సూచనయు చూపకయే చెడినవియు ఎన్నో కలవని వారే వ్రాసిరి. మఱియొక సంగతి: వేడివలననే డిస్కులు చచ్చునని అందఱు నమ్ముచుండగా, వారి లెక్కలలో వేడికిని చావునకును అనుకొనినంత సంబంధము కానరాలేదు. మన మే నెల ఎండలను తలచినచో ఇది కొంత ఊరట. అయినను గదిలో గాలి చల్లగా నుంచుట మానరాదని మా అభిప్రాయము.

సూచనను నమ్ముకొనరాదు గనుక, చెడినను నష్టము రాని ఏర్పాటు కావలసివచ్చెను. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖయందు డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు ఒక వ్యాసమును ప్రకటించిరి. ఖరీదైన పెద్ద డిస్కొకటి కొనుటకంటె, చౌకయైన చిన్న డిస్కులు పెక్కింటిని కూర్చి, వాటిలో ఒకటి చెడినను తక్కినవాటినుండి దాని వ్రాతను తిరిగి రాబట్టునట్లు చేయవచ్చునని వారు చూపిరి. ఆ ఏర్పాటునకు రెయిడ్ అని పేరు. ఒకే పెట్టెలో ఎనిమిదో పండ్రెండో గడులుండి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క డిస్కుండును. దీనిని మేము డిస్కుల బీరువా అందుము.

పోయినదానిని రాబట్టుటెట్లు? ఇందు మాయ ఏమియు లేదు. ఉపాధ్యాయులందఱు ఎఱిగిన మొత్తము గడియే ఇది. ఒక బాలునకు తెలుగున 62, గణితమున 71, విజ్ఞానశాస్త్రమున 58 మార్కులు వచ్చినవి, మొత్తము 191. మార్కుల పట్టీలో గణితపు గడిపై సిరా ఒలికినదనుకొనుడు. 191 లోనుండి 62ను 58ని తీసివేసినచో 71 మిగులును. పోయిన అంకె దొరికినది. తెలుగు గడి చెడినను, విజ్ఞానపు గడి చెడినను ఇదే ఉపాయము. మొత్తపు గడియే చెడినచో మఱల కూడుకొనవచ్చును. నాలుగు గడులలో ఏ ఒక్కటి పోయినను నష్టము లేదు.

యంత్రమునకు 0, 1 అను రెండంకెలే తెలియును గనుక అది మొత్తమునకు బదులు సరి బేసి చూచుకొనును. నాలుగు డిస్కులలో ఒకేచోట 1, 0, 1, 1 అని యున్నదనుకొందము. ఇందు ఒకట్లు మూడు, బేసి. కనుక ఐదవ డిస్కులో 1 వ్రాసి ఒకట్లను నాలుగుచేసి సరి చేయును. ఇప్పుడు మూడవ డిస్కు చెడినది. మిగిలినవి 1, 0, 1, 1. ఒకట్లు మూడే యున్నవి, సరి కాలేదు. కాబట్టి పోయినది 1 అయియుండవలెను. ఈ చిన్న లెక్కనే సెకనునకు కోట్లకొలదిగా చేయుచు, చెడిన డిస్కును అడిగినవారికి అది యున్నట్లే జవాబిచ్చుచుండును. సరి బేసి గుర్తులనన్నిటిని ఒకే డిస్కుపై నుంచినచో దానికి పని ఎక్కువగును గనుక, తరగతిలో వంతులవారీగా బోర్డు తుడుచునట్లు, గుర్తులను ఒక్కొక్క డిస్కుపై వంతులుగా వ్రాయుదురు.

చదువరులు గమనింపవలసిన ముఖ్యవిషయమిచ్చటనే యున్నది. డిస్కొకటి చెడిన నాడు కార్యాలయములో పని ఆగదు. గుమాస్తా ఎప్పటివలెనే పత్రములు తీయుచుండును, ప్రజలు ఎప్పటివలెనే నకళ్లు తీసికొని పోవుచుందురు. ఏదో కొంచెము ఆలస్యమగునేమో. కాని ఆ క్షణమునుండి బీరువాకు రక్షణ లేదు. మఱియొక డిస్కు చెడినచో అంతయు పోవును. ఏటిగట్టులో ఎలుక బొరియ పడినప్పుడు కూడ పైన బండ్లు నడచుచునే యుండును గదా! బీరువా ముందుభాగమున పచ్చదీపమునకు బదులు పసుపుదీపము వెలుగును, లోపల గంట కీచుమని మ్రోగును, నిర్వాహకునకు ఉత్తరము పోవును. వీనిని చూచువాడుండవలెను.

మేమెఱిగిన ఒక కార్యాలయమున ఆ గంట మ్రోత చెవులకు బాధగా నున్నదని ఎవరో దానిని ఆపివేసిరి. బీరువా ముందుభాగము గోడవైపునకు తిరిగియుండుటచే దీపము కనబడదు. ఉత్తరములు బదిలీయై పోయిన ఉద్యోగి పేరనే పోవుచుండెను. నాలుగు నెలలు పని చక్కగా సాగినది. ఐదవ నెలలో రెండవ డిస్కు చెడినది. కాగితపు ప్రతులున్నవాటిని గుమాస్తాలు తిరిగి ఎక్కించుకొనిరి. లేనివారిని మీ యొద్దనున్న నకలు తెండని కబురు పంపిరి. నకలు దాచుకొనని పేదలే అందు ఎక్కువగా చిక్కుపడిరి. డిస్కు ఖరీదు ఎంతయో, ఆ పేదలు ఆటోలకు పెట్టిన ఖర్చెంతయో లెక్కకట్టినవారు లేరు.

ఇక మార్చు పద్ధతి. మొట్టమొదట చేయవలసినది బీరువాను ముట్టుట కాదు, వేఱొకచోట ప్రతి యున్నదా, అది తెఱచుకొనుచున్నదా అని చూచుట. పిదప ఏ డిస్కు చెడినదో నిశ్చయించుకొనవలెను. ఇది సులభమనిపించును గాని ప్రమాదములలో పెక్కు ఇచ్చటనే జరుగుచున్నవి. ఏలయన యంత్రములు పెక్కు 1 నుండి గాక 0 నుండి లెక్కించును. యంత్రము మూడవ సంఖ్య గడి చెడినదనగా మనవాడు 1, 2, 3 అని లెక్కపెట్టి మంచి డిస్కును బయటికి లాగును. చెడినదొకటి, లాగినదొకటి, రెండు పోయినవి, బీరువా మూతబడును. అందుచేత ప్రతి డిస్కుపైనను తయారుచేసినవారు ముద్రించిన వరుససంఖ్యను యంత్రము చెప్పినదానితో పోల్చుకొనవలెను. చెడినదాని దీపమును మినుకుమినుకుమనిపించు ఆజ్ఞ కూడ కలదు; అది యిచ్చి కంటితో చూచి, ప్రక్కన మఱియొకరిచేత చూపించుకొని మఱీ చేయి వేయుట మంచిది.

క్రొత్త డిస్కు పాతదానికి సమానముగనో అంతకు పెద్దదిగనో యుండవలెను. పేరునకు ఒకే కొలతయైనను వేఱు కంపెనీవారిది ఇసుమంత తక్కువ పట్టినచో బీరువా దానిని స్వీకరింపదు. సర్వర్ల డిస్కులను యంత్రము నడచుచుండగనే మార్చునట్లు కట్టుదురు గనుక విద్యుత్తు ఆపనక్కఱలేదు. ముందుగా బీరువా లోహమును చేతితో తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. మణికట్టునకు తీగె కట్టుకొనుట ఇంకను మేలు. గడి ముందరి పిడిని విప్పి, డిస్కును ఒక్క అంగుళము ముందునకు లాగి, అర నిమిషమాగవలెను. లోపలి పలకలు ఇంకను తిరుగుచుండవచ్చును. తిరుగు బొంగరమును చటుక్కున ప్రక్కకు వంచినచో ఎట్లు ఎదురుతిరుగునో అట్లే చేతిలో మెలిదిరుగును. ఆగిన పిమ్మట బయటికి తీసి, క్రొత్తదానిని చివరవరకు నెట్టి పిడి మూయవలెను. అంతియే. పని చేతులకు రెండు నిమిషములు.

యంత్రమునకు మాత్రము రెండు నిమిషములు కాదు. క్రొత్త డిస్కు ఖాళీ. తక్కిన డిస్కులన్నిటిని మొదటినుండి చివరవరకు చదివి, పైన చెప్పిన లెక్క చేసి, పోయిన వ్రాతనంతయు తిరిగి వ్రాయవలెను. 16 లక్షల కోట్ల అక్షరముల డిస్కును సెకనునకు 20 కోట్ల అక్షరముల చొప్పున నింపినచో 80,000 సెకనులు, అనగా 22 గంటలకు పైగా పట్టును. ఇంతలో ప్రజల పనియు చేయుచుండవలెను గనుక రెండు మూడు దినములు పట్టుటయు కలదు. ఆ కాలమంతయు యంత్రమును ఆపి మొదలుపెట్టరాదు, ఇతర డిస్కులను కదలింపరాదు. విసుగుచెంది చేసిన పనులవలన పాడైన బీరువాలనేకము.

మఱియు ఆ 22 గంటలే మిగిలిన డిస్కులకు కఠినపరీక్ష. మన తోటలలో ఒకేనాడు నాటిన అరటి పిలకలు ఇంచుమించు ఒకే కాలమున గెలవేయును గదా! అట్లే ఒకేనాడు కొని, ఒకేచోట ఒకే పని చేసిన డిస్కులు ఒకే కాలమున ముసలివగును. ఒకటి పోయినప్పుడు తక్కినవాటికిని ఆయువు దగ్గరపడినదని అనుమానింపవచ్చును. ఎన్నడు చదువని మూలలనుకూడ అప్పుడు చదువవలసివచ్చుటచే, అంతవరకు దాగియున్న తప్పులు బయటపడును. దీనికి ముందుజాగ్రత్తగా నెలకొకమారు బీరువాలోని వ్రాతనంతయు చదివించి సరిచూచుకొందురు. ఒక డిస్కును బీరువాలోనే ఖాళీగా నుంచి, ఏదైన చెడిన క్షణముననే మనిషికొఱకు వేచియుండక అది పనిలోనికి దిగునట్లు చేయుటయు కలదు.

ఇంతకంటె గట్టి ఏర్పాటు రెండు డిస్కులు చెడినను తట్టుకొనునది. ఒక సమీకరణముతో తెలియని రాశి ఒకటే దొరకును; రెండు రాశులకు రెండు సమీకరణములు కావలెను. పై తరగతులవారికి ఇది తెలిసినదే. మార్కుల మొత్తము 191 తోబాటు మఱియొక గడిలో తెలుగు మార్కులకు 1 చేతను, గణితమునకు 2 చేతను, విజ్ఞానమునకు 3 చేతను గుణించి కూడిన 378 వ్రాసియుంచితిమనుకొనుడు. తెలుగు, గణితము రెండును చెఱిగిపోయినవి. విజ్ఞానము 58 మిగిలినది. రెంటి మొత్తము 133. గుణించి కూడినది 378 లోనుండి 174 పోగా 204. రెండవదానినుండి మొదటిదానిని తీసివేసినచో గణితము 71, ఆపై తెలుగు 62. యంత్రము చేయు గుణకారము ఇంతకంటె వేఱురకము గాని సూత్రమిదియే. ఎనిమిది డిస్కుల బీరువాలో ఆఱింటి చోటు మాత్రమే మనకు దక్కును. రెండింటి చోటు రక్షణకు పోవును. పెద్ద డిస్కులు వాడుచోట ఈ ఖర్చునకు వెనుదీయరాదని మా అభిప్రాయము.

అయినను ఈ బీరువా ఒక్క విధమగు నష్టమునకే మందు: డిస్కు చెడుటకు. ఎవరో పొరపాటున పత్రమును చెఱిపివేసినచో, అది ఎనిమిది డిస్కులనుండియు ఒక్కమారే శ్రద్ధగా చెఱిగిపోవును. దుర్మార్గుడు దూరమునుండి ప్రవేశించి వ్రాతలకు తాళమువేసినను అంతియే. గదిలోనికి నీరు వచ్చినచో అన్నియు కలిసి మునుగును. 1986 ఆగస్టులో గోదావరి వరదను చూచిన పెద్దలకును, 1996 నవంబరు 6వ తేదీన వేయిమందికి పైగా ప్రాణములు గొని కొబ్బరితోటలను నేలమట్టముచేసిన తుపానును ఎఱిగినవారికిని, రెండు ప్రతులను ఒకే కప్పుక్రింద దాచుట ఎట్టి దాపో చెప్పనక్కఱలేదు.

తెలుగు గ్రంథముల చరిత్రలో దీనికి నిదర్శనములు గలవు. పందొమ్మిదవ శతాబ్దిలో సి. పి. బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు పెక్కుచోట్లనుండి తాటాకు ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక ప్రతిలో పురుగు తిన్న అక్షరము వేఱొక ఊరి ప్రతిలో నిలిచియుండెడిది. మన కాలములో, చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన డాక్టరు రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహమున, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారును, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీవారును, మఱికొన్ని సంస్థలవారును కలిసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను గ్రంథాలయమును నెలకొల్పిరి. వేలకొలది తెలుగు పుస్తకముల పుటలు ఛాయాచిత్రములై సర్వర్లకెక్కినవి. 2017 ప్రాంతమున గ్రంథస్వామ్యపు చిక్కులచే ఆ గ్రంథాలయపు వాకిలి మూతబడినది. పాఠకునకు పుస్తకము దొరకకుండుటకు డిస్కు చెడనక్కఱలేదని దీనివలన తెలియుచున్నది. అదృష్టవశమున ఆ పుస్తకములలో పెక్కింటికి ముందే ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థకు చేర్చియుండుటచే, నేటికిని అవి ఉచితముగా చదువ దొరకుచున్నవి.

బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఆ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కోలో పూర్వము దేవాలయముగానుండిన భవనమున పనిచేయుచున్నది. ఆరాధనకు జనులు కూర్చుండు పెద్ద గదిలో వెనుకగోడ గూళ్లయందు సర్వర్లు నిలిపిరి. వాటి నీలిదీపములు మినుకుమనుచుండును. వారు సరి బేసి లెక్కకంటె సాదా పద్ధతినే మెచ్చిరి: ప్రతి వస్తువును కనీసము రెండు వేర్వేఱు యంత్రములలోని రెండు డిస్కులపై నుంచుట. ఒకటి చెడినచో క్రొత్తది పెట్టి, దాని జతనుండి ఉన్నదున్నట్లు నకలు తీసికొందురు.

చెడి బయటికి వచ్చిన డిస్కును పాతసామానులవానికి తూకమునకు వేయరాదు. అది చచ్చినను దానిపై జనుల పేర్లు, ఖాతాలు, కొంతకు కొంత చదువదగియే యుండవచ్చును. నడచునదైనచో పూర్తిగా చెఱిపివేయవలెను. నడవనిదైనచో పెట్టె విప్పి పలకలను గీచి వంచివేయవలెను. చిన్నరకపు డిస్కులలో పలకలు గాజువి గనుక పగిలి కన్నులకు తగులును; గుడ్డలో చుట్టి పెద్దలే చేయవలెను. లోపల దొరకు అయస్కాంతములు రెండు మిక్కిలి బలమైనవి. విజ్ఞానశాస్త్ర తరగతిలో ఇనుపరజను ప్రయోగమునకు అవి చక్కగా పనికివచ్చును. రెంటినడుమ వ్రేలు పెట్టరాదని మాత్రము చిన్న తరగతులవారికి ముందుగా చెప్పవలెను.